ఆకలిగొన్న ఈస్ట్, యోషినోరి ఓసుమి, మా ప్రయోగశాల రోజులు

నేను కణజీవశాస్త్రం చదువుకుంటున్న రోజుల్లో, మా పాఠ్యపుస్తకంలో లైసోసోమ్‌ల (కణంలోని జీర్ణ సంచుల) అధ్యాయం చివర ఆటోఫజీ గురించి ఒకే ఒక్క పేరా ఉండేది. కణం తన ద్రవ్యంలోని కొంత భాగాన్ని తానే ఒక పొరలో చుట్టి, లైసోసోమ్‌కు అప్పగించి, జీర్ణం చేసుకుంటుందని, 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ ఆ ప్రక్రియకు ఈ పేరు పెట్టాడని, ఆహారం అందని జంతువుల కాలేయంలో అది ఎక్కువగా కనిపిస్తుందని చెప్పి ఆ పేరా ముగిసిపోయేది. పక్కనే ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో ఉండేది. రెండు పొరల సంచిలో చిక్కుకున్న ఒక మైటోకాండ్రియా అందులో మసకగా కనిపించేది. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదని అందరికీ తెలుసు గనుక ఆ పేరాను ఎవరూ రెండోసారి చదివేవారు కాదు.

ఆ విషయం అక్కడే ఆగిపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం ఒక్కటే కాదు. లైసోసోమ్‌ను కనుగొన్న డి డ్యూవ్‌కు 1974లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. నార్వేలో పెర్ సెగ్లెన్ వంటివారు ఎలుక కాలేయ కణాలను వేరుచేసి, ప్రొటీన్లు ఎంత వేగంగా విచ్ఛిన్నమవుతున్నాయో ఓపికగా కొలిచారు. 3-మిథైల్ అడెనిన్ అనే రసాయనం ఆ విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటుందని 1982లో చూపించారు. ఆటోఫజీ మీద పనికి తర్వాత నోబెల్ పొందిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి కథ చెప్పేవాళ్లు చాలామంది ఈ మధ్యకాలాన్ని శూన్యంగా చూపించి, ఆయన ఒక్కసారిగా చీకట్లో దీపం వెలిగించాడన్నట్టు రాస్తారు. అది నాకు నచ్చదు. ఆ ముందుతరం వారు చేయగలిగినదంతా చేశారు. వారి దగ్గర లేనిది జన్యువులను పట్టుకునే మార్గం. ఏ ప్రొటీన్లు ఆ సంచిని కడుతున్నాయో తెలియనంతకాలం, ఆ ప్రక్రియను ఆపివేసి కణానికి ఏమవుతుందో చూడటం సాధ్యం కాదు. అలా చూడనిదే, అది కణానికి అవసరమో, వృద్ధకణాల్లో కనిపించే చెత్తాచెదారమో తేల్చడమూ కుదరదు.

ఈస్ట్ మీద పనిచేసే ఒక చిన్న ప్రయోగశాలలో నేను పరిశోధక విద్యార్థిగా చేరినప్పుడు మా మాస్టారు ఒక జిరాక్స్ కాపీ నా చేతికి ఇచ్చారు. అది 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చిన వ్యాసం. మొదటి రచయిత తకేషిగె, చివరి పేరు యోషినోరి ఓసుమి. జిరాక్స్‌లో ఫొటోలన్నీ నల్లటి మరకలుగా మారిపోయినందువల్ల గ్రంథాలయానికి వెళ్లి అసలు సంచికను తెరిచి చూడవలసి వచ్చింది. ఈస్ట్ కణంలో లైసోసోమ్ పనిని చేసే రిక్తిక (వాక్యూల్) అనేది ఒక పెద్ద ఖాళీ గుండ్రంలా కనిపిస్తుందని మాకు తెలుసు. ఆ ఫొటోలలో మాత్రం అది ఖాళీగా లేదు. గోళీలు నింపిన సంచిలా చిన్న చిన్న గోళాలతో కిక్కిరిసి ఉంది. ఒక్కో గోళం వ్యాసం సుమారు 400 నుంచి 900 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అక్కరలేకుండా, ప్రతి ప్రయోగశాలలోనూ ఉండే మామూలు కాంతి మైక్రోస్కోప్‌తోనే చూడగలిగినంత పెద్దవి అవి.

ప్రయోగంలోని యుక్తి ఎంత సరళమైనదో అర్థమయ్యాక చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. నత్రజని దొరకని పరిస్థితిలో ఈస్ట్ తన శరీరాన్ని పూర్తిగా మార్చుకుని సిద్ధబీజాలను తయారుచేసుకుంటుంది. అంత మార్పు జరగాలంటే పాత ప్రొటీన్లు భారీగా విచ్ఛిన్నం కావాలి. ఆ విచ్ఛిన్నం రిక్తికలో జరుగుతూ ఉంటే, అక్కడి జీర్ణ ఎంజైములు లేని మ్యూటెంట్‌లో (జన్యువు మారిన ఈస్ట్ రకంలో) అరగని సరుకు పోగుపడాలి. రిక్తికలోని ఎంజైములు పనిచేయని అలాంటి ఈస్ట్ రకాలను అమెరికాలో ఎలిజబెత్ జోన్స్ అప్పటికే వేరుచేసి ఉంచింది. ఓసుమి వాటిని తీసుకుని, నత్రజని లేని ద్రావణంలో కొన్ని గంటలు ఉంచి, మైక్రోస్కోప్ కింద పెట్టాడు. కణద్రవ్యంలోని ముక్కలు గోళాలుగా రిక్తికలోకి చేరి, అరగక, అక్కడే గిరగిరా కదులుతూ కనిపించాయి. ఇందులో ఖరీదైన పరికరమంటూ ఏదీ లేదు.

మా దగ్గర ఆ మ్యూటెంట్ లేదు. వ్యాసంలోనే దానికి ఉపాయం ఉంది: మామూలు ఈస్ట్‌కే పీఎంఎస్ఎఫ్ అనే ఎంజైమ్ నిరోధకాన్ని కలిపితే అదే ఫలితం వస్తుందని వారు చూపించారు. ప్రొటీన్లను శుద్ధి చేసేటప్పుడు అవి చెడిపోకుండా వాడే రసాయనమే గనుక ఆ సీసా మా అలమరలో ఎప్పుడూ ఉండేది. అది నీటిలో నిలవదు, కొద్దిసేపటికే బలం పోతుంది. అందుకని ఆల్కహాల్‌లో కరిగించి, కణాలను ఆకలి ద్రావణంలోకి మార్చిన వెంటనే కలిపేవాళ్లం. ఫేజ్ కాంట్రాస్ట్ లెన్సును సరిచేసి స్లైడును ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటే, రిక్తికలలో నల్లటి చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వణుకుతున్నట్టు కనిపించేవి. ఆ వణుకు బ్రౌనియన్ చలనమేనని, అందులో ప్రాణం సంగతి ఏమీ లేదని తెలిసినా, పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాగా చదివిన విషయం కళ్లముందు కదలడం నాకు కొత్త. మాస్టారు కూడా ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. తర్వాత ఆయన అన్నమాట నాకు బాగా గుర్తుంది: ‘‘ఇక దీన్ని లెక్కపెట్టవచ్చు.’’

ఓసుమి శాస్త్రజీవితం మీద నా అభిప్రాయమంతా ఆ ఒక్క మాట నుంచే పెరిగింది. ఆయన మొదట చేసినది ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించడం కాదు; ముప్పై ఏళ్లుగా ఫొటోలలో మాత్రమే ఉన్న ఒక సంఘటనను, ఏ విద్యార్థి అయినా ఒక మధ్యాహ్నంలో చూసి, ఉందో లేదో చెప్పగలిగే స్థితికి తీసుకురావడం. ఆ తర్వాత వచ్చినదంతా ఆ వీలు మీద నిలబడి ఉంది.

ఆయన అంతవరకు నడిచిన దారి గురించి నేను తర్వాత కొద్దికొద్దిగా చదువుకున్నాను. 1945లో జపాన్‌లోని ఫుకువోకాలో పుట్టిన ఓసుమి, టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి 1974లో డాక్టరేట్ పొందాడు. ఆ వెంటనే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ ఎడెల్మన్ వద్ద చేరాడు. ప్రతిరక్షకాల నిర్మాణానికి 1972లో నోబెల్ పొందిన ఎడెల్మన్ అప్పటికి వేరే దిశకు మళ్లుతున్నాడు. ఓసుమికి అప్పగించిన పని ఎలుక అండాలను గాజుపాత్రలో ఫలదీకరించడం. అంతవరకు బ్యాక్టీరియా మీద పనిచేసినవాడికి పిండశాస్త్రం కొత్త. ఆ పని ఆయనకు చాలా కష్టంగా గడిచింది. చివరికి ఈస్ట్‌లో డీఎన్ఏ ప్రతికృతి వైపు మారాడు. ఈస్ట్ కేంద్రకాలను వేరుచేయడానికి కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు, గొట్టం పైభాగాన ఒక తెల్లటి పొర తేలేది. కేంద్రకాలు కావలసినవాడికి అది పారబోయవలసినది. ఓసుమి దానిని మైక్రోస్కోప్ కింద చూసి, అది దాదాపు శుద్ధమైన రిక్తికలేనని గుర్తించాడు.

ఈ ఘట్టం నాకు ఎంతో ఇష్టం. ఆ రోజుల్లో రిక్తిక అంటే కణం చెత్త పారేసుకునే గుంట అని చాలామంది భావించేవారు. దాని మీద పనిచేస్తే పేరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. 1977లో టోక్యోకు తిరిగివచ్చి యసుహిరో అన్‌రాకు ప్రయోగశాలలో చేరిన ఓసుమి ఆ గుంటనే పట్టుకుని కూర్చున్నాడు. రిక్తిక పొర ప్రొటాన్లను లోపలికి పంపుతుందని, ఆ బలంతో అమైనో ఆమ్లాలను కూడా లోపలికి చేర్చుకుంటుందని 1981 నాటి వ్యాసాలలో ఆయన, ఆయన సహచరులు చూపించారు. ఇవి ఆ రంగంలోనివారు గౌరవించిన పనులు. అంతకుమించి వాటికి ప్రచారం రాలేదు. 1988లో అదే విశ్వవిద్యాలయంలో ఆయనకు సొంత ప్రయోగశాల దొరికేనాటికి వయసు 43. అంతవరకు చేసిన రవాణా పనిని కొనసాగిస్తే వ్యాసాలు సునాయాసంగా వచ్చేవి. ఆయన దానిని పక్కన పెట్టి, రిక్తికలో విచ్ఛిన్నం ఎలా జరుగుతుందనే ప్రశ్న తీసుకున్నాడు. ఇప్పటి నియామక సంఘాల ముందు 43 ఏళ్ల వయసులో ఆ ప్రణాళిక చదివితే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

గోళాలు కనిపించిన తర్వాత రెండు పనులు జరిగాయి. మిసుజు బాబా కణాలను అతివేగంగా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసిన చిత్రాలు, కణద్రవ్యంలో రెండు పొరల సంచి ఏర్పడి, దాని బయటి పొర రిక్తిక పొరతో కలిసిపోయి, లోపలి సంచి రిక్తికలోకి జారుతుందని 1994లో స్పష్టం చేశాయి. జంతుకణాల్లో జరిగేదీ ఇదే. ఈస్ట్‌లో కనిపించినది మరేదో కాదని చెప్పడానికి ఆ చిత్రాలు అవసరమయ్యాయి. పేరు మాత్రం ఓసుమికే ఎక్కువగా దక్కింది గనుక బాబా చిత్రాలను నేను పాఠం చెప్పిన ప్రతిసారీ ప్రత్యేకంగా చూపించేవాడిని.

రెండో పని మ్యూటెంట్ల వేట. దీన్ని మికి సుకాడా అనే విద్యార్థిని చేపట్టింది. ఈస్ట్‌కు రసాయనంతో ఉత్పరివర్తనాలు కలిగించి, ఆకలికి గురిచేసి, రిక్తికలో గోళాలు చేరని కణాల కోసం మైక్రోస్కోప్‌లో వెతకడం మొదటి పద్ధతి. అలా మొదటి మ్యూటెంట్ దొరికింది. దాన్ని పరిశీలిస్తే, నత్రజని లేకుండా ఉంచినప్పుడు అది మామూలు ఈస్ట్ కన్నా త్వరగా చచ్చిపోతోందని తేలింది. ఇక ప్రతి కణాన్నీ కంటితో చూడనక్కరలేదు. ఆకలితో త్వరగా చచ్చిపోయే కాలనీలను ఫ్లాక్సిన్ బి అనే రంగుతో గుర్తించి, వాటిలో నుంచి మాత్రమే వెతికితే సరిపోతుంది. ఈ రెండో వలలో మిగిలినవి పడ్డాయి. మొత్తం 15 జన్యువులు. 1993లో ఫెబ్స్ లెటర్స్ అనే పత్రికలో ఒక చిన్న వ్యాసంగా అవి వెలువడ్డాయి. ఆకలివేళ ఆటోఫజీ జరగడానికి ఈస్ట్‌కు అత్యవసరమైన జన్యువులలో అత్యధిక భాగం ఆ ఒక్క వేటలోనే దొరికాయని తర్వాతి కాలం తేల్చింది. మా చదువు గుంపులో ఆ వ్యాసం చర్చకు వచ్చినప్పుడు అరగంటలో ముగించి, వేరే పత్రికలోని మరింత పెద్ద వ్యాసం మీదకు వెళ్లిపోయాం. ఆ పెద్ద వ్యాసం దేని గురించో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

తర్వాతి కొన్నేళ్లు బయటివారికి నిశ్శబ్దంగా కనిపించాయి. జన్యువులను ఒక్కొక్కటిగా క్లోన్ చేసి వరుస చదివితే, వాటిలో చాలావాటికి అప్పటికి తెలిసిన ఏ ప్రొటీన్‌తోనూ పోలిక లేదు. మొదటి జన్యువు ఒక ప్రొటీన్ కైనేజ్‌ను, అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను, తయారుచేస్తుందని 1997లో తేలింది. మిగిలినవాటి పేర్లు చెప్పగలం గాని పని చెప్పలేం. కొత్త జన్యువు దొరికితే పోలికలు వెతికి, అది ఏ కుటుంబానికి చెందిందో చూసి, పని ఊహించడం మాకు అలవాటు. పోలికే లేనప్పుడు బయోకెమిస్ట్రీ చేయడం తప్ప గత్యంతరం లేదు. 1996లో ఒకజాకిలోని జాతీయ మౌలిక జీవశాస్త్ర సంస్థకు మారిన ఓసుమి, అక్కడ చేరినవారితో ఆ పనే చేయించాడు.

వైద్యం చదివి పరిశోధనలోకి వచ్చిన నోబోరు మిజుషిమా 1998లో నేచర్‌లో రాసిన వ్యాసం నేను మొదటిసారి చదివినప్పుడు నమ్మశక్యంగా అనిపించలేదు. ఆ 15 జన్యువులకు ఇచ్చిన సంఖ్యల ప్రకారం చెబితే, 12వ సంఖ్య ప్రొటీన్ వెళ్లి 5వ సంఖ్య ప్రొటీన్‌కు సమయోజనీయ బంధంతో అతుక్కుంటోంది. అలా అతికించడానికి 7, 10 సంఖ్యల ప్రొటీన్లు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తున్నాయి. ఇది యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ ఇతర ప్రొటీన్లకు గుర్తుగా అతుక్కునే పద్ధతి. ప్రొటీన్లను విచ్ఛిన్నం చేయడానికి కణంలో ఉన్న రెండు పెద్ద మార్గాలలో ఒకటి యుబిక్విటిన్‌ది, రెండోది లైసోసోమ్‌ది. ఈ రెంటికీ సంబంధం లేదని మేము విద్యార్థులకు బోర్డు మీద రెండు విడివిడి బొమ్మలు గీసి చెప్పేవాళ్లం. 2000లో మరో వింత బయటపడింది. 8వ సంఖ్య ప్రొటీన్ చివరనున్న ఒక్క అమైనో ఆమ్లాన్ని ఒక ఎంజైమ్ కత్తిరించగానే, మిగిలిన ప్రొటీన్ ఫాస్ఫాటిడైల్ ఇథనోలమైన్ అనే కొవ్వు అణువుకు అతుక్కుంటోంది. యుబిక్విటిన్ వంటి ప్రొటీన్ మరో ప్రొటీన్‌కు కాక పొరలోని కొవ్వుకు అతుక్కోవడం అంతకుముందు ఎవరూ చూడనిది. మా మాస్టారు ఆ వ్యాసాన్ని నోటీసు బోర్డుకు గుచ్చి, కింద ఎర్రసిరాతో ఒక ఆశ్చర్యార్థకం మాత్రం పెట్టారు.

అదే సంవత్సరం తమోత్సు యోషిమోరి, యుకికో కబెయా తదితరులు ఆ 8వ ప్రొటీన్‌కు క్షీరదాలలో ఉన్న జోడీని, ఎల్‌సీ3ని, ఆటోఫజీ సంచుల పొరమీద చూపించారు. శాస్త్రం మీద ఓసుమి ప్రయోగశాల ప్రభావం ఎంత అని ఎవరైనా అడిగితే నేను అవార్డుల జాబితా చెప్పను, ఎల్‌సీ3 చెబుతాను. దానికి పచ్చగా వెలిగే ప్రొటీన్‌ను జతచేస్తే, తిండి ఉన్న కణమంతా పలచని పచ్చదనం పరుచుకుని ఉంటుంది; అమైనో ఆమ్లాలు తీసేసిన కొంతసేపటికి ఆ పచ్చదనం చుక్కలుగా కూడుకుంటుంది. ప్రొటీన్లను జెల్‌లో విడదీసి పట్టీలుగా చూసే బ్లాట్ మీద కూడా తేడా కనిపిస్తుంది: కొవ్వు అతుక్కున్న రూపం నిజానికి బరువైనదే అయినా జెల్‌లో వేగంగా పరిగెత్తి కింద పట్టీగా నిలుస్తుంది. ఆ కింది పట్టీ కోసం ఎదురుచూస్తూ చీకటి గదిలో ఫిల్ము కడిగిన వాళ్లు నా తరంలో చాలామంది ఉన్నారు. క్యాన్సర్ చేసేవాళ్లు, నాడీకణాలు చేసేవాళ్లు, బ్యాక్టీరియా సంక్రమణ చేసేవాళ్లు, ఈస్ట్ ముఖమే చూడనివాళ్లు, అందరూ ఆ పట్టీనే చూశారు.

అందరూ చూడటం మొదలుపెట్టాక అర్థాలు చెప్పడంలో తగాదాలూ మొదలయ్యాయి. చుక్కలు పెరగడం అంటే ఆటోఫజీ పెరిగిందనీ కావచ్చు, జీర్ణం ఆగిపోయి సంచులు పోగుపడ్డాయనీ కావచ్చు. దీన్ని ఎలా తేల్చాలో చెప్పే మార్గదర్శకాలు 2008లో ఒక ఉమ్మడి వ్యాసంగా వచ్చాయి. 2016 నాటి కూర్పుకు రచయితల సంఖ్య రెండు వేలు దాటింది. రచయితల పేర్లే పేజీలకు పేజీలు. అంతకుముందు పేర్ల గొడవ కూడా ఉండేది. జర్మనీలో మైకేల్ థమ్ బృందం, అమెరికాలో డేనియల్ క్లియోన్‌స్కీ బృందం వేర్వేరు దారుల్లో అవే జన్యువులను పట్టుకుని వేర్వేరు పేర్లు పెట్టాయి. 2003లో అందరూ కూర్చుని ఏటీజీ అనే ఒకే పేరుకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత మా పాత నోటుపుస్తకాలు కొత్త విద్యార్థులకు అర్థం కాకుండా పోయాయి.

జంతువుల మీద ఫలితాలు వరుసగా వచ్చిన కాలం నాకు గొప్ప ఉత్సాహాన్నిచ్చింది. ఈస్ట్ జన్యువును పోలిన బెక్లిన్ 1కు రొమ్ము క్యాన్సర్ కణాలతో సంబంధం ఉందని బెత్ లెవిన్ బృందం 1999లోనే చూపించింది. మిజుషిమా సొంత ప్రయోగశాల పెట్టుకున్నాక, ఏటీజీ5 లేని ఎలుక పిల్లలు పుట్టిన రోజు గడవకముందే చనిపోతున్నాయని 2004లో ప్రకటించాడు. మాయ (ప్లాసెంటా) ద్వారా అందే పోషణ తెగిపోయి, తల్లిపాలు సరిగా అందేలోపు ఉండే ఆ కొద్ది గంటల ఆకలిని ఆటోఫజీ లేకుండా అవి దాటలేకపోతున్నాయి. ఈస్ట్ మ్యూటెంట్ చచ్చిపోయిన తీరే ఎలుకలోనూ కనిపించింది. 2006లో రెండు జపాన్ బృందాలు నాడీకణాలలో మాత్రమే ఈ జన్యువులను తీసేసి చూపించాయి. ఆకలితో పని లేకపోయినా ఆ కణాలలో ప్రొటీన్ ముద్దలు పేరుకుపోయి, ఎలుకలు నడక తడబడి, కణాలు నశించాయి. రోజువారీ శుభ్రత కూడా దీని పనేనని అప్పుడు తెలిసింది. తొంభైల తొలినాళ్లలో ఏడాదికి పదుల్లో వచ్చే ఆటోఫజీ వ్యాసాలు ఇప్పుడు వేలల్లో వస్తున్నాయి.

2016 అక్టోబరు 3న వైద్యశాస్త్ర నోబెల్ ఓసుమి ఒక్కరికే ప్రకటించినప్పుడు, మా పాత ప్రయోగశాల వాళ్లమంతా ఫోన్లు చేసుకున్నాం. ఇంకెవరితోనైనా పంచి ఇస్తారని అనుకున్నవాళ్లు ఉన్నారు. నేనూ థమ్, క్లియోన్‌స్కీల పేర్లు ఊహించాను. డిసెంబరులో ఆయన ఇచ్చిన ఉపన్యాసాన్ని వీడియోలో చూశాను. తనతో పనిచేసినవారి పేర్లు తెరమీద వస్తుంటే, ఒకప్పుడు జిరాక్స్ కాపీల చివర చదివిన పేర్లన్నీ అక్కడ ఉన్నాయి.

ఆ నోబెల్‌తో పాటు ఒక చిరాకు కూడా వచ్చింది. పదహారు గంటలు ఉపవాసం ఉంటే ఆటోఫజీ మొదలై యవ్వనం తిరిగి వస్తుందని, దానికే నోబెల్ ఇచ్చారని ఫోన్లలో సందేశాలు తిరగడం మొదలైంది. నేను కణజీవశాస్త్రం చేసినవాడినని తెలిసినవాళ్లు వాటిని నాకే పంపేవారు. ఓసుమి మనుషులకు ఏ ఉపవాసమూ నిర్ణయించలేదు. పైగా ఆయన ఈస్ట్‌ను ఉంచిన ఆకలి ద్రావణంలో చక్కెర నిండుగా ఉంటుంది, లేనిది నత్రజని మాత్రమే. ఈ సంగతి రాసి పంపితే సాధారణంగా జవాబు వచ్చేది కాదు.

బహుమతి డబ్బును ఆధారంగా చేసుకుని 2017లో ఆయన మౌలిక పరిశోధనకు సాయం చేసే ఒక ఫౌండేషన్‌ను స్థాపించాడు. వెంటనే ఉపయోగం చూపించలేని ప్రశ్నలకు నిధులు తగ్గిపోతున్నాయని అప్పటికే ఆయన బహిరంగంగా చెబుతూ వచ్చాడు. సొంత పని కూడా ఆపలేదు. సంచి కట్టడం మొదలయ్యే చోట ఏటీజీ ప్రొటీన్లు ద్రవబిందువులా ఒకచోట కూడి ఉంటాయని నొబువో నోడా బృందం 2020లో నేచర్‌లో ప్రచురించిన వ్యాసంలో ఓసుమి కూడా ఒక రచయిత; అప్పటికి ఆయన వయసు దాదాపు 75. సంచికి కావలసిన కొవ్వును ఏటీజీ2 పక్క పొరల నుంచి చేరవేస్తుందని, ఏటీజీ9 దానిని పొర రెండు వైపులకూ సర్దుతుందని ఆ రోజుల్లోనే వేర్వేరు బృందాలు తేల్చాయి. ఈ రెండూ 1993 ముందూవెనుకా ఈస్ట్ మ్యూటెంట్లలో చిక్కిన జన్యువుల కుటుంబంలోనివే. వాటి పని ఏమిటో తెలియడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.